నెలల తరబడి విదేశంలో ఉండేవారికి వీసా, తిరుగు టికెట్ లెక్కలు: శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరేవారి కోసం

అమెరికాలో కూతురి పురిటికి వెళ్లే అమ్మ, కెనడాలో కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉందామనుకునే నాన్న, వాళ్లకు టికెట్లు తీసే పిల్లలు తిరిగి తిరిగి అడిగేది ఒకటే. "వీసా పదేళ్లుంది కదా, తిరుగు టికెట్ ఇప్పుడే ఎందుకు?" వీసా మీద ఉన్న తేదీ, అక్కడ ఉండనిచ్చే తేదీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చే ప్రశ్న ఇది. చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి కాబట్టి ముందు దాన్ని తేల్చుకుందాం.

1. మూడు తేదీలు ఒక కాగితం మీద రాయండి

మొదటిది వీసా గడువు. ఆ తేదీలోపు ఆ దేశం గుమ్మం దాకా వెళ్లి లోపలికి రానివ్వమని అడగవచ్చు. దానికి అంతకు మించి అర్థం లేదు.

రెండోది ఉండనిచ్చిన తేదీ. గుమ్మం దగ్గర ఇమిగ్రేషన్ అధికారి ఇచ్చేది ఇదే. అమెరికా బీ-2 (సందర్శకుల) వీసా పదేళ్లకు ఇచ్చినా, దిగిన ప్రతిసారీ సాధారణంగా ఆరు నెలలే ఇస్తారు. అక్టోబర్ 10న దిగితే ఏప్రిల్ 9 దాకా.

మూడోది తిరుగు టికెట్ తేదీ. మీ చేతిలో ఉన్నది ఇదొక్కటే.

మూడో తేదీ రెండోదానికి కనీసం 10–15 రోజుల ముందు ఉండాలి. పై ఉదాహరణలో మార్చి 25కి టికెట్ తీస్తే సరి. ఏప్రిల్ 9కే తీస్తే, ఆ రోజు విమానం రద్దయినా, ప్రయాణం ముందు రోజు జ్వరం వచ్చినా గడువు దాటిపోతుంది. తెల్లారుజామున 2 గంటల విమానమైతే ఇంకో మెలిక ఉంది. 9వ తేదీ రాత్రి అనుకుని తీసిన టికెట్ నిజానికి 10వ తేదీది కావచ్చు.

"రథసప్తమికి ఇంట్లో ఉండాలి", "ఊడ్పుల వేళకి వచ్చేయాలి" లాంటి తేదీలు పెద్దవాళ్లకు ఉంటాయి. అవి ముందే అడిగి టికెట్ తీస్తే తర్వాత మార్పు రుసుము కట్టే పని ఉండదు.

2. పాస్‌పోర్ట్‌లో చూడాల్సిన మూడు విషయాలు

*గడువు.* చాలా దేశాలకు దిగే రోజు నుంచి ఆరు నెలలు మిగిలి ఉండాలి. షెంగెన్ దేశాలకైతే (ఒకే ఉమ్మడి వీసా పాటించే యూరప్ దేశాలు) తిరిగి బయల్దేరే రోజు తర్వాత మూడు నెలలు ఉండాలి. పాస్‌పోర్ట్ గత పదేళ్లలో ఇచ్చినదై ఉండాలి, రెండు ఖాళీ పేజీలు కావాలి. ఎక్కువ కాలం ఉండేవారు ఏడాది కంటే తక్కువ మిగిలి ఉంటే ముందే రీఇష్యూ చేయించుకోవడం మేలు. అమెరికాలో కొన్నిసార్లు ఆరు నెలలకు బదులు పాస్‌పోర్ట్ గడువు దాకానే ఉండనిస్తారు. పాత పాస్‌పోర్ట్‌లో అమెరికా వీసా బతికి ఉంటే పాతది, కొత్తది రెండూ తీసుకెళ్లాలి. వీసా స్టిక్కర్ పీకి కొత్తదానిలో అతికించకండి, అది చెల్లదు.

*ఇంటిపేరు.* మన వైపు ఆడవాళ్ల పాత పాస్‌పోర్ట్‌లలో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరు మొత్తం ఒకే గడిలో ఉండటం మామూలే. అమెరికా వీసాలో అప్పుడు పేరు గడిలో "ఎఫ్‌ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని వేస్తారు. యూఏఈ 2022 నవంబర్ నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో రానివ్వడం లేదు. దుబాయ్ వెళ్లేవారు వీసా ఫీజు కట్టేలోపే ఈ గడి చూసుకోవాలి. పక్కా పరిష్కారం విశాఖ పాస్‌పోర్ట్ ఆఫీసు పరిధిలో రీఇష్యూకి పెట్టి ఇంటిపేరు విడిగా రాయించుకోవడమే. అయితే చేతిలో ఇప్పటికే ఏదైనా దేశం వీసా ఉంటే, పేరు గడులు మార్చే ముందు ఆ కాన్సులేట్ నిబంధన చూడండి.

*ఈసీఆర్ ముద్ర.* పదో తరగతి పాస్ కానివారి పాస్‌పోర్ట్‌లో "ఈసీఆర్" అని ఉంటుంది. పనికి విదేశం వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి కావాలని దాని అర్థం. గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయ్‌లాండ్, ఇండోనేషియాతో కలిపి 18 దేశాలకు ఇది వర్తిస్తుంది. ఈ ముద్ర ఉన్నవారు విజిట్ మీద ఆ దేశాలకు వెళ్తుంటే చెల్లే వీసాతో పాటు తిరుగు టికెట్ కూడా మన ఇమిగ్రేషన్ కౌంటర్‌లోనే చూపించాలి. అవతలి దేశం అడగకపోయినా ఇక్కడే ఆపేస్తారు. 50 ఏళ్లు దాటినవారికి ఈసీఆర్ అక్కర్లేదు. రీఇష్యూ చేయించేటప్పుడు ఆ ముద్ర తీయించుకోవచ్చు.

3. ఏ దేశంలో ఎన్నాళ్లు

*అమెరికా:* దిగాక ఇచ్చే ఐ-94 రికార్డులోని తేదీయే ప్రమాణం. అది కాగితం మీద రాదు. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్ వెబ్‌సైట్‌లో పాస్‌పోర్ట్ నంబర్ కొట్టి చూసుకోవాలి. బీ-2కి తిరుగు టికెట్ చట్టప్రకారం తప్పనిసరి కాదు. కానీ "ఎప్పుడు వెళ్తారు" అని అధికారి అడిగినప్పుడు చూపడానికి అంతకన్నా గట్టి కాగితం లేదు.

*కెనడా:* మామూలు విజిటర్‌కు స్టాంప్‌లో వేరే తేదీ రాయకపోతే దిగిన రోజు నుంచి ఆరు నెలలు. తల్లిదండ్రులకు, తాతలు, అమ్మమ్మ, నానమ్మలకు ఇచ్చే సూపర్ వీసా మీద ఒక్కోసారి ఐదేళ్ల దాకా ఉండవచ్చు. దానికి కనీసం లక్ష కెనడా డాలర్ల కవరేజీతో ఏడాది ఆరోగ్య బీమా కావాలి. సూపర్ వీసా మీద వెళ్తూ దిగగానే ఆ మాట చెప్పకపోతే ఆరు నెలలే వేసే ప్రమాదం ఉంది. వీసా కాగితం, బీమా కాగితం పైకి తీసి పట్టుకోండి.

*బ్రిటన్:* వీసా రెండేళ్లదైనా పదేళ్లదైనా ఒక్కో రాకకు ఆరు నెలలే. అక్కడే ఉండి మరో ఆరు నెలలు పొడిగిస్తామంటే కొద్ది సందర్భాల్లో తప్ప కుదరదు.

*షెంగెన్ దేశాలు:* లెక్క ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఏ 180 రోజుల్లో చూసినా 90 రోజులకు మించకూడదు. దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కలోకి వస్తాయి. జూన్ 1న దిగితే ఆగస్టు 29కి 90 పూర్తి. మళ్లీ అడుగుపెట్టగలిగేది నవంబర్ 28న. ఆ రోజుకి జూన్ 1 అన్నది వెనక్కి లెక్కేసే 180 రోజుల బయటికి జారుతుంది. ఒక వారం స్విట్జర్లాండ్, ఒక నెల జర్మనీ అని దేశాలు మార్చినా లెక్క ఒకటే. స్టిక్కర్ మీద "నుంచి–వరకు" తేదీలతో పాటు "ఉండే రోజులు" అనే గడి వేరుగా ఉంటుంది. అందులో 30 అని ఉంటే తేదీల మధ్య 45 రోజులున్నా మీకు 30 రోజులే. స్టాంపుల స్థానంలో 2025 అక్టోబర్ నుంచి వేలిముద్ర, ఫొటోలతో కొత్త ఎంట్రీ–ఎగ్జిట్ వ్యవస్థ మొదలైంది. ఒక్క రోజు దాటినా కంప్యూటరే పట్టేస్తుంది.

*ఆస్ట్రేలియా:* సబ్‌క్లాస్ 600 వీసా మంజూరు లేఖలో షరతుల నంబర్లు చదవండి. 8503 ఉంటే అక్కడ ఉండగా పొడిగింపు అడిగే దారి దాదాపు మూసుకున్నట్టే. 8558 ఉంటే ఏ 18 నెలల్లోనూ 12 నెలలు మించి ఉండకూడదు.

*సింగపూర్, మలేషియా, థాయ్‌లాండ్:* ఇవి నెలల తరబడి ఉండే దేశాలు కావు. సింగపూర్ వీసా మీద ఎంత గడువున్నా ఒక్కో రాకకు సాధారణంగా 30 రోజుల లోపే. ఎంత ఇచ్చారో ఈ-మెయిల్‌కు వచ్చే ఈ-పాస్‌లో ఉంటుంది. మలేషియా భారతీయులకు 30 రోజులు వీసా లేకుండా రానిచ్చే వెసులుబాటును 2026 డిసెంబర్ 31 దాకా ఇచ్చింది. థాయ్‌లాండ్ రోజుల లెక్క ఈమధ్య మారుతూ వస్తోంది కాబట్టి టికెట్ తీసే రోజునే చూసుకోవాలి. మూడింటికీ దిగే ముందు మూడు రోజుల లోపు ఆన్‌లైన్ అరైవల్ కార్డు నింపాలి. మూడూ ఉచితమే. డబ్బు అడిగే సైట్ కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదు.

*యూఏఈ:* విజిట్ వీసాలు 30, 60 రోజులవి. గడువు దాటితే రోజుకు 50 దిర్హామ్‌ల జరిమానా.

4. తిరుగు టికెట్ ముందు అడిగేది ఎవరు

అవతలి దేశం అధికారి కాదు, విశాఖలోనో శంషాబాద్‌లోనో బోర్డింగ్ పాస్ ఇచ్చే అమ్మాయి. ప్రయాణికుణ్ణి లోపలికి రానివ్వకపోతే వెనక్కి తెచ్చే బాధ్యత విమాన సంస్థదే. చాలా దేశాల్లో పైన జరిమానా కూడా పడుతుంది. అందుకే కౌంటర్ సిబ్బంది "టిమాటిక్" అనే డేటాబేస్‌లో మీ పాస్‌పోర్ట్ దేశం, గడువు, వెళ్లే చోటు కొట్టి చూస్తారు. అందులో "తిరుగు లేదా ముందుకు వెళ్లే టికెట్ కావాలి" అని ఉంటే మీరు వాదించి గెలవలేరు.

మంచి సంగతి ఏమిటంటే అదే సమాచారం ఐఏటీఏ (విమాన సంస్థల అంతర్జాతీయ సంఘం) ట్రావెల్ సెంటర్‌లో మనకూ కనిపిస్తుంది. ప్రయాణానికి వారం ముందు ఒకసారి, మూడు రోజుల ముందు ఒకసారి చూడండి.

ముందుకు వెళ్లే టికెట్ అంటే ఇండియాకే అక్కర్లేదు. కౌలాలంపూర్ నుంచి బ్యాంకాక్‌కు ఉన్నా ముందుకు వెళ్లేదే. కాకపోతే ఆ రెండో దేశంలోకి వెళ్లే అర్హత కూడా మీకు ఉండాలి. సరిహద్దు దాటే బస్సు, రైలు టికెట్లను కొన్ని సంస్థలు ఒప్పుకోవు. పెద్దవాళ్లను ఒంటరిగా పంపేటప్పుడు ఈ ప్రయోగాలు వద్దు.

5. టికెట్ తీసే వరుస

మొదట వీసా, తర్వాత టికెట్. అమెరికా వీసాకి టికెట్ అడగరు. షెంగెన్‌కు రిజర్వేషన్ చాలు. వీసా రాకముందే వెనక్కి రాని డబ్బుతో టికెట్ కొని ఇరుక్కునేవాళ్లకు లోటు లేదు.

తర్వాత రానూపోనూ కలిపి ఒకే పీఎన్‌ఆర్ మీద తీయండి. విడివిడిగా రెండు వన్-వేలు చాలాసార్లు ఎక్కువ ఖర్చు. మార్చుకునే వెసులుబాటు కూడా రెండు సంస్థల దగ్గర రెండు రకాలుగా ఉంటుంది.

ధర చూసే ముందు ఫేర్ షరతుల పేజీ తెరవండి. మూడు ప్రశ్నలకు జవాబు వెతకండి:

- తేదీ మారిస్తే రుసుము ఎంత? "మార్పు ఉచితం" అన్నా ఆ రోజు ధరల తేడా కట్టాల్సిందే.
- విమానం ఎక్కకపోతే ఎంత పోతుంది?
- టికెట్ ఎన్నాళ్లు చెల్లుతుంది? చాలా టికెట్లు ఏడాదే. చౌక ఫేర్లలో మూడు, ఆరు నెలల పరిమితి ఉంటుంది.

ఉత్తరాంధ్ర వాళ్లకు ప్రత్యేకంగా కొంప ముంచేది మరొకటి ఉంది. విశాఖ–హైదరాబాద్–దోహా–డల్లాస్ అని ఒకే టికెట్ తీసి, "ఫలక్‌నుమాలో హైదరాబాద్ వెళ్లి అక్కడ నాలుగు రోజులు చుట్టాలింట్లో ఉండి ఎక్కుదాం" అనుకుంటారు. మొదటి మెట్టు, అంటే విశాఖ విమానం, ఎక్కకపోతే మిగిలిన మెట్లన్నీ, తిరుగు ప్రయాణంతో సహా, కంప్యూటర్‌లో రద్దయిపోతాయి. రైలులో వెళ్లే ఆలోచన ఉంటే టికెట్ హైదరాబాద్ నుంచే తీయండి.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. హైదరాబాద్ నుంచి అంతర్జాతీయ టికెట్ ఒకటి, విశాఖ నుంచి దేశీయ టికెట్ వేరొకటి తీస్తే, అమెరికాకు అనుమతించే 23 కిలోల పెట్టెలు రెండూ దేశీయ విమానంలో 15 కిలోల లెక్కకు వస్తాయి. అదనపు బరువు డబ్బు కౌంటర్ దగ్గర కట్టాలి. పైగా హైదరాబాద్‌లో పెట్టెలు దింపుకుని మళ్లీ ఇవ్వాలి. మధ్యలో కనీసం 5–6 గంటలు ఉంచండి. తిరుగు ప్రయాణం అక్టోబర్, నవంబర్ తుఫాన్ల రోజుల్లో పడితే హైదరాబాద్‌లో ఒక రాత్రి ఆగేలా చూసుకోవడమే క్షేమం.

టికెట్ మీద విశాఖ అని ఉంటే ఏ విమానాశ్రయం, ఎన్‌ఏడీ దగ్గరి పాతదా, భోగాపురందా అన్నది ప్రయాణానికి ముందు విమాన సంస్థ దగ్గర ఖాయం చేసుకోండి. విజయనగరం నుంచి ఒకటి ఒక దిక్కు, రెండోది ఇంకో దిక్కు.

6. డమ్మీ టికెట్ జోలికి వెళ్లకండి

"ఐదొందలకి తిరుగు టికెట్ ఇస్తాం" అనే ఏజెంట్లు ఊరికి ఇద్దరు దొరుకుతారు. వాళ్లిచ్చేది డబ్బు కట్టని రిజర్వేషన్. ఒకటి రెండు రోజుల్లో దానంతట అదే రద్దవుతుంది. ఇంకా దారుణమైనది కంప్యూటర్‌లో దిద్దిన పీడీఎఫ్.

అసలుదో కాదో మీరే చూడొచ్చు. పీఎన్‌ఆర్ ఆరు అక్షరాలు, అంకెల గుర్తు. అదొక్కటే ఉంటే సీటు పట్టి ఉంచినట్టు మాత్రమే. డబ్బు కట్టిన టికెట్‌కు 13 అంకెల ఈ-టికెట్ నంబర్ ఉంటుంది. మొదటి మూడంకెలు సంస్థవి: ఎయిరిండియాకి 098, ఎమిరేట్స్‌కి 176, ఖతార్‌కి 157, సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కి 618. చౌక విమాన సంస్థల్లో కొన్నింటికి ఈ నంబర్ ఉండదు. అప్పుడు సంస్థ సొంత వెబ్‌సైట్‌లో పీఎన్‌ఆర్, ఇంటిపేరు కొట్టి "కన్ఫర్మ్డ్" అని వస్తోందా చూడాలి.

రోజు తేలనివారికి నిజాయితీ గల దారి ఉంది. డబ్బు వెనక్కి వచ్చే ఫేర్‌లో టికెట్ కొని, తర్వాత మార్చుకోవడమో రద్దు చేసుకోవడమో. ధర ఎక్కువే. డబ్బు ఖాతాకు తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు. కానీ ఆ కాగితం ఎవరు చూసినా నిలుస్తుంది.

ఇక్కడే ఇంకో మాట. ఉద్దానం వైపు కుర్రాళ్లకు "విజిట్ మీద వెళ్లు, అక్కడ వర్క్ పర్మిట్‌కి మార్పిస్తాం" అని చెప్పి ఈ డమ్మీ తిరుగు టికెట్ చేతిలో పెట్టి పంపేవాళ్లున్నారు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా సైబర్ ముఠాల వ్యవహారంలోనూ దారి విజిట్ వీసాయే. పనికి వెళ్లేవాడికి పని వీసా, ప్రభుత్వ పోర్టల్ ఈ-మైగ్రేట్‌లో నమోదైన ఏజెంట్ ఉండాలి. ఆ ఏజెంట్ తీసుకోదగ్గ రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. అంతకు మించి అడిగితే అక్కడే ఆగండి.

7. చేతి సంచిలో ఉంచాల్సిన కాగితాలు

ఫోన్‌లో ఉన్నాయిలే అనుకోవద్దు. పెద్దవాళ్లకు కాగితమే దిక్కు. ఒక ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఈ వరుసలో పెట్టండి:

- పాస్‌పోర్ట్ (పాతది ఉంటే రబ్బరు బ్యాండు వేసి కలిపి)
- వీసా లేదా ఈ-వీసా ప్రింటు
- రానూపోనూ టికెట్ ప్రింటు, తిరుగు తేదీ కింద గీత గీసి
- పిల్లల చిరునామా, ఫోన్ నంబర్, ఆహ్వాన లేఖ, వాళ్ల వీసా నకలు
- బీమా పత్రం
- మందుల చీటీ, మందుల సాంకేతిక పేర్లతో
- ఇక్కడి బంధం చూపేవి: పెన్షన్ పత్రం, భూమి పాస్‌బుక్ నకలు

పెద్దవాళ్లు ప్రయాణిస్తే వీల్‌చెయిర్ కావాలని టికెట్ తీసేటప్పుడే అడగాలి. నడవలేక కాదు, దారి చూపే మనిషి తోడుంటాడని.

కౌంటర్‌లో "అమ్మగారూ, ఎన్నాళ్లకి వెళ్తున్నారు?" అని అడిగితే జవాబు టికెట్‌తో కలవాలి. టికెట్ ఐదు నెలలకు ఉంటే "ఐదు నెలలు" అనాలి. "ఏమో, మా అబ్బాయి పంపినప్పుడు" అన్న జవాబుతో ఎంతమంది పక్కకు నిలబడ్డారో! వెళ్లే పని కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. కూతుర్ని, మనవరాల్ని చూడటానికి వెళ్తున్నట్టయితే అదే. "పిల్లని చూసుకునే పని మీద" అంటే విన్నవాడికి ఆయా ఉద్యోగంలా వినపడుతుంది.

8. దిగిన మొదటి వారం

స్టాంప్ వేస్తే ఇమిగ్రేషన్ కౌంటర్ దాటకముందే దాని మీద తేదీ చూడండి, తప్పుంటే అక్కడే అడగండి. రెండో రోజు అమెరికాలో ఐ-94, సింగపూర్‌లో ఈ-పాస్, ఆస్ట్రేలియాలో వీసా వివరాలు చూపే వీవో సైట్ తెరిచి తేదీ రాసుకోండి. టికెట్ తేదీతో పోల్చండి. అధికారి మీరనుకున్నదాని కంటే తక్కువ ఇచ్చి ఉంటే టికెట్ ఆ రోజే ఆ గడువు లోపు తేదీకి మార్చుకోవాలి. ఆలస్యమైన కొద్దీ ధర పెరుగుతుంది.

9. పొడిగింపు కావాలంటే

పురుడు ఆలస్యమైంది, మోకాలికి దెబ్బ తగిలింది, ఇంకో రెండు నెలలు ఉండాలి. టికెట్ తేదీ జరిపేస్తే సరిపోతుందనుకుంటారు. టికెట్ జరిపితే వీసా జరగదు. వరుస ఇదీ: ముందు అనుమతికి దరఖాస్తు, తర్వాత టికెట్, ఆ వెంటనే బీమా.

అమెరికాలో ఫారం ఐ-539. గడువుకు కనీసం 45 రోజుల ముందు పెట్టమని అక్కడి ఇమిగ్రేషన్ శాఖే చెబుతుంది. గడువు ముగిశాక పెడితే దాదాపు లాభం లేదు. కారణం రాయాలి, ఖర్చు ఎవరు భరిస్తారో చూపాలి, తిరిగి వెళ్లే ఏర్పాటు చూపాలి. కెనడాలో 30 రోజుల ముందు. దరఖాస్తు గడువులోపు పెడితే నిర్ణయం వచ్చేదాకా అక్కడ ఉండొచ్చు. రసీదు భద్రం.

అమెరికాలో గడువు దాటి ఉంటే ఆ పదేళ్ల వీసా ఆ రోజుతోనే చెల్లకుండా పోతుంది. 180 రోజులు మించితే, వెళ్లిపోయాక మూడేళ్లు రానివ్వరు. ఏడాది దాటితే పదేళ్లు.

10. తరచూ జరిగే పొరపాట్లు, దిద్దుబాట్లు

*టికెట్‌లో పేరు, ఇంటిపేరు తారుమారయ్యాయి.* సంస్థకు వెంటనే ఫోన్ చేయండి. మొదటి 24 గంటల్లో చాలా సంస్థలు సులువుగా దిద్దుతాయి. ఏజెంట్ ద్వారా తీస్తే ఏజెంటే చేయాలి, సంస్థ ముట్టుకోదు.

*కౌంటర్‌లో తిరుగు టికెట్ అడిగారు, లేదు.* కంగారు పడి చేతికందిన చౌక టికెట్ కొనకండి. పిల్లలకు ఫోన్ చేసి, డబ్బు వెనక్కి వచ్చే ఫేర్‌లో అనుమతించే రోజుల లోపు తేదీకి సంస్థ సైట్‌లోనే తీయించండి. ఈ-మెయిల్ రాగానే చూపండి. దీనికి 20 నిమిషాలు చాలు, కౌంటర్ మూసేది విమానానికి గంట ముందు. అందుకే మూడున్నర గంటల ముందే చేరాలి.

*మధ్యలో దిగే దేశానికి ట్రాన్సిట్ వీసా సంగతి చూడలేదు.* ఒకే టికెట్ మీద దుబాయ్, దోహా, అబుధాబిల్లో విమానాశ్రయం లోపలే విమానం మారితే వీసా అక్కర్లేదు. యూరప్ మీదుగా వెళ్లేవారు దేశాన్ని బట్టి చూసుకోవాలి. రెండు వేరు టికెట్ల మీద పెట్టెలు దింపుకోవాల్సి వస్తే అది ట్రాన్సిట్ కాదు, ఆ దేశంలోకి ప్రవేశమే. పూర్తి వీసా అడుగుతారు.

*ఆర్నెల్లు ఉండి వచ్చి, రెండు నెలలకే మళ్లీ ప్రయాణం.* చట్టంలో అడ్డులేకపోయినా అమెరికాలో, బ్రిటన్‌లో అధికారి అడుగుతాడు, "మీరు ఉండేది ఇక్కడా, అక్కడా?" అని. బయట ఉన్న కాలం లోపల ఉన్న కాలానికి తగ్గకుండా చూసుకోండి. తప్పనిసరైతే కారణం కాగితం (ఆస్పత్రి తేదీ, శుభలేఖ) వెంట ఉంచి, ఈసారి తిరుగు టికెట్ నెలా రెండు నెలల లోపే తీయండి.